గీకేసిన టీకా

నా రోగం జ్వరంతో మొదలవలేదు. టీకాల వరదయ్యను కొట్టిన రోజునే మొదలైంది.

పుదుచ్చేరిలో మిల్లు పనివాళ్ల తెలుగు వీధి మాది. పక్క వీధిలో అమ్మవారు పోసి ముగ్గురు చనిపోయారు. ఫ్రెంచి సర్కారు ఉత్తర్వని వరదయ్య ఇద్దరు పోలీసులతో వచ్చి, మా ఆడపిల్లలిద్దరికీ జబ్బ మీద గాటు పెట్టి మందు రాసి వెళ్లాడు. అమ్మవారికి ఎదురు మందు వేస్తే ఇల్లు తుడిచిపెట్టుకుపోతుందని మా భయం. అందుకే మా వీధిలో టీకాలవాడు గడప దాటగానే పిల్లల గాట్లను ఇటుకపొడితో, వేపాకుతో రుద్ది కడిగేసేవాళ్లం. ఆ రోజూ మా పెద్దది, ఆరేళ్ల చెంగమ్మను మోకాళ్ల మధ్య బిగించి నెత్తురు కారేదాకా గీకాను.

"మంట నాయనా, వదులు నాయనా" అని గింజుకుంది.

చిన్నది లచ్చిమి చెయ్యి పట్టుకోబోతుంటే వీధిలో కేకలు. పోలీసులు వెళ్లిపోయారట, వరదయ్య ఒంటరిగా దొరికాడట. పిల్లను వదిలేసి కర్ర తీసుకుని పరిగెత్తాను.

పదిమందిమి పడి కొట్టాం. "కొట్టబాకండన్నా, నాకూ బిడ్డలుండారు" అని కాళ్లు పట్టుకున్నాడు. అతని ముంజేయి విరిగింది నా దెబ్బకే. ఎముక విరిగిన చప్పుడు విన్నాక కూడా ఇంకో రెండు వేశాను. దాచడమెందుకు, ఆ పూట నాకు సంతోషంగానే ఉంది.

పన్నెండో రోజు మిల్లులో మగ్గం ముందు కూలబడ్డాను. నడుము తెగిపోతున్న నొప్పి, కాలిపోయే జ్వరం. అదే సాయంత్రం చెంగమ్మ పడింది. మూడు రోజులకు ఇద్దరికీ ముఖమంతా పొక్కులు. మమ్మల్ని ఊరి బయట రోగుల పాకలోకి మోసుకెళ్లారు.

ఫ్రెంచి డాక్టరు దూరం నుంచే చూసి "వరియోల్" అన్నాడు; మశూచికి వాళ్ల మాట అది. పక్కనున్న నర్సు తెలుగులో చెప్పింది: "దీనికి మందు లేదు. నీళ్లు తాగించాల, గోకనీయకూడదు."

ఆ నీళ్లు తాగించడానికి వచ్చింది వరదయ్య. విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాడు. నేను అతని ముఖం మీద ఉమ్మేశాను.

"పగ తీర్చుకోను వస్తివా?"

"నీళ్లు తాగు తంబీ."

"పసిబిడ్డకి ఇంత నరకం ఎందుకు పెట్టినాడయ్యా దేవుడు?"

"అదేందో నాకు తెలవదు. నోరు తెరువు."

పాకలోకి వచ్చిన తొమ్మిదో రోజు, పొక్కులు అంటుకోకుండా పరిచిన అరటాకు మీదే చెంగమ్మ చనిపోయింది. నేను గోళ్లతో నా ముఖం చీరుకున్నాను. వరదయ్య నా రొమ్ము మీద మోకాలు పెట్టి, ఉన్న ఒక్క చేత్తో నన్ను అదిమిపట్టాడు. నా ఎడమ కన్ను మాత్రం దక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి లచ్చిమి వాకిట్లో ఆడుకుంటోంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. పక్కింటి మునెమ్మత్త నన్ను ఓదార్చబోయింది. "చూస్తివా, ఆ పొద్దు నువ్వు కొట్టను పోయి మరిచిపోబట్టే చిన్నదాని గాటు మిగిలింది. అంతా ఆయమ్మ లీల."

చేతిలోని చెంబు గోడకేసి కొట్టాను. "నోరు ముయ్యత్తా! చెయ్యి విరగ్గొట్టింది నేను. చెంగమ్మ గాటు గీకింది నేను. ఆయమ్మ మీద వెయ్యబాకు."

అమ్మవారు ఎందుకు వచ్చిందో, పాపపుణ్యాలు తెలియని పిల్లను ఎందుకు తీసుకుపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆవిడ మీద కోపమూ తీరలేదు. అది తెలిసేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేను కదా. వరదయ్య చెయ్యి వంకరగా అతుక్కుంది, టీకాల మందు పెట్టె ఎత్తలేడు. మిల్లు సెలవు రోజుల్లో నేనే మోస్తున్నాను. నా ముఖం చూసి తలుపులు వేసుకుంటారు. పోయిన వారం ఎవరో విసిరిన రాయికి చెవి తెగింది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గాటు పెట్టిన చోట నీళ్లు తగలనీయకండి, ఏమీ పూయకండి. పొక్కు లేచి, ఎండి, దానంతటదే రాలిపోవాలి. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోండి.

లచ్చిమి జబ్బ మీద ఆ మచ్చ ఉంది. పిల్ల నా ఒళ్లో కూర్చున్నప్పుడల్లా చూస్తాను. ఇంతవరకూ దాన్ని ముట్టుకోలేదు.