తడి మీద అంటించిన షీటు

పక్షవాతం వచ్చాక మా ఆయనకు సొంతంగా మిగిలిన పని ఒక్కటే, గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళి రావడం. అన్నం నేనే కలిపి పెట్టాలి, చొక్కా గుండీలు నేనే పెట్టాలి. బాత్రూమ్ దగ్గర మాత్రం నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఆ పది అడుగుల కోసం ఏడాదిపాటు కాలిని బతిమాలుకున్నారు.

ఆ టైల్స్ మహా నున్నన. ఇల్లు కట్టేటప్పుడు మెరుస్తున్నాయని మురిసిపోయి ఏరింది నేనే. రెండుసార్లు జారి, గోడ ఆసరాతో బతికిపోయారు. టైల్స్ పగలగొట్టిస్తే వారం రోజులు దుమ్మూ చప్పుడూ. వాటి మీదే జారని వినైల్ షీటు అంటించవచ్చని ఎవరో చెబితే గుడివాడ నుంచి పనివాణ్ణి పిలిపించాం. అతను టైల్స్ జిడ్డు వదిలేదాకా తోమి, సందులన్నీ పూడ్చి, మూడో రోజు వచ్చి షీటు అంటిస్తానన్నాడు. అప్పటిదాకా చుక్క నీరు పడకూడదని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. మా బందరు నేలలో అసలే చెమ్మ, పైన కూడా తడిస్తే గమ్ము పట్టదట. ఆ రెండు రోజులూ పక్కింటివాళ్ళ బాత్రూమ్ వాడుకున్నాం.

మూడో రోజు పొద్దున్నే ఆయనకు కడుపు పాడైంది. పక్కింటిదాకా ఆగలేక మా బాత్రూమ్‌లోకే వెళ్ళారు. లోపల అడుగు పెట్టేసరికే లుంగీ, నేల పాడైపోయాయి. తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేదేమో. కానీ పరాయి మనిషి వచ్చే వేళకి కంపు కొడుతుంటే ఎలా? మా వైపు ఆడవాళ్ళం ఎవరొస్తున్నారన్నా ముందు బకెట్టు అందుకుంటాం. నా బుద్ధి గడ్డి తిని రెండు బకెట్ల ఫినాయిల్ నీళ్ళు కుమ్మరించి, చీపురుతో ఊడ్చి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ పెట్టాను. పైకి పొడిగానే కనిపించింది. అతను కూడా చేత్తో తడిమి చూసి అంటించేశాడు.

ఇరవై రోజులకు తలుపు దగ్గర అంచు లేచింది. నేను గమనించలేదు. ఆయన బొటనవేలు దానికి తట్టుకుంది. పడ్డారు, తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చాక పనివాణ్ణి పిలిపించి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను షీటు లాగి చూశాడు. కింద అంతా తడి, నల్లటి బూజు. లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"మాస్టారూ, నేను అంటించేముందు నీళ్ళేమన్నా పడ్డాయాండీ?"

నేను ఆయన దుప్పటి సర్దడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, "లేదయ్యా. చుక్క కూడా పడలేదు" అన్నారు.

అయితే తప్పు తనదేనని, మళ్ళీ వేసి ఇస్తానని అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. నన్ను కాపాడటానికి అబద్ధమాడారనుకుని ఏడుపొచ్చింది. నిజం చెప్పేయాల్సిందండీ, అతన్ని అన్యాయంగా తిట్టాను అన్నాను.

"చెబితే, ఎందుకు కడిగారని అడుగుతాడు" అన్నారు గోడవైపు చూస్తూ. "అది నేను చెప్పలేను."

కొత్త షీటు బాగా పట్టింది. దాని మీద నడిచేది నేనొక్కదాన్నే. ఆయన పక్కగుడ్డలు రోజూ అక్కడే ఉతుకుతాను.