ఆ పిన్నులు అందం కోసం కాదు

ఇంటర్ చదివే రోజుల్లో నేనాడిన ఒక అబద్ధం ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. బరువు మోశానని చెప్పుకోవడానికి కూడా సిగ్గే. నిజంగా మోసింది నేను కాదు, రత్నం అన్నయ్య. కుంటుకుంటూ మోశాడు.

ముందు మీకు మంచి మాట చెప్పేస్తాను, ఆగలేను. నేను డిగ్రీ పాసయ్యాను! బీఏ ఇంగ్లీషు, ఫస్టు క్లాసు. మా ఇంటిలో చేపల గంప ఎత్తని మొదటి ఆడపిల్లని నేనే, డిగ్రీ చదివిన మొదటి మనిషినీ నేనే. మా అమ్మ యానాం మార్కెట్లో చేపలు తూకం వేస్తూనే, వచ్చినవాళ్లందరికీ ఫోన్లో నా మార్కులు చూపించింది. నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. అయినా ఈ సంతోషంలో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటోంది. ఎందుకో చెప్పాలంటే కార్ల దగ్గర మొదలుపెట్టాలి.

మా అన్నయ్యకు యానాం దగ్గర రోడ్డు పక్కన కార్ల సొట్టలు తీసే డెంటింగ్ షెడ్డు ఉంది. రత్నం అతని చిన్ననాటి స్నేహితుడు, పెళ్లికార్లు తోలేవాడు. ఇద్దరికీ పాత అమెరికా మజిల్ కార్ల పిచ్చి. పొడుగాటి బానెట్టు, దాని కింద పెద్ద ఇంజను, పులిలా గుర్రుమనే శబ్దం. ఒక్కదాన్నయినా కళ్లారా చూసింది లేదు. అంతా ఫోన్లోనే. ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో చేరి, కొట్టుకున్నంత పని చేసేవాళ్లు. అన్నయ్యది మస్టాంగ్ కారు పక్షం. రత్నానిది ఛార్జర్ కారు పక్షం. నేను అన్నయ్య పార్టీ.

వీడియోల్లో అమెరికావాళ్లు మాట్లాడేది వాళ్లిద్దరికీ అర్థమయ్యేది కాదు. ఇంగ్లీషు మీడియంలో చదివేది నేనొక్కదాన్నే. అందుకని వాదన ముదిరితే నన్ను పిలిచేవారు. నేను చెప్పిందే తీర్పు. నిజానికి ఆ ఇంగ్లీషు నాకూ సగం అందేది కాదు. ఆ మాట ఒప్పుకుంటే, ఆడపిల్లకు అంత చదువెందుకని అన్నయ్యను ఎగతాళి చేసేవాళ్లు గెలిచేస్తారని భయం. కాబట్టి అందిన ముక్కలు పోగేసి, మిగతాది అల్లేసేదాన్ని. తప్పని అనిపించలేదా? అనిపించింది. కానీ ఇద్దరు పెద్దవాళ్లు నా నోటివైపే చూస్తూ కూర్చోవడం భలే ఉండేది.

ఆ ఏడు అన్నయ్య ఒక పాత కాంటెస్సా కారు కొన్నాడు. దాన్ని మస్టాంగ్‌లా మార్చి పెళ్లిళ్లకు తిప్పాలని, రత్నం తోలాలని అనుకున్నారు. బానెట్టు మధ్యలో కోసి, గాలి లోపలికి పోయేలా ఒక రేకు మూపురం బిగించాలి. అలా కోస్తే తాళం పట్టుకునే చోట బలం తగ్గుతుందని రత్నం అనుమానం.

“ఒరేయ్, ఛార్జర్‌కి బానెట్టు ముందర అటొకటి ఇటొకటి పిన్నులుంటాయి చూశావా? ఊరికే పెట్టరు కదరా. మనమూ పెడదాం.”

“నీ ఛార్జర్ తీసుకెళ్లి ఫోనుకి పెట్టుకోరా బాబూ,” అన్నాడు అన్నయ్య. “పెళ్లికూతురెక్కే కారుకి ఆ పిన్నులేంటి, కిళ్లీ బడ్డీకి గడియలేసినట్టు?”

“నాతో ఎందుకు, లెక్చరరుగారున్నారుగా. ఏవమ్మా, ఆ అమెరికా బాబాయి ఏమంటున్నాడో చెప్పు.”

షెడ్డులో రేకుల మోతకు వినబడక ఇయర్‌ఫోన్లు నేను పెట్టుకున్నాను. తెరమీద ఒకాయన ఆ పిన్నును వేలితో తట్టి తట్టి చెబుతున్నాడు. గబగబా మాట్లాడుతున్నాడు. ‘సేఫ్టీ’ అన్నాడు. మళ్లీ అన్నాడు. అన్నయ్య నావైపు చూసి కన్ను కొట్టాడు.

“అందం కోసమేనంట,” అన్నాను.

“గట్టిగా చెప్పు. నిజమేనా?” అన్నాడు రత్నం.

“ఆయ్, నిజమే. మస్టాంగ్‌కి అసలు అక్కర్లేదంట.”

“సరే అయితే. చదువుకున్నదానివి నువ్వు చెప్పాక ఇంకేంటి,” అని నవ్వేశాడు.

పిన్నులు పెట్టలేదు. కొన్ని పెళ్లిళ్లు బాగానే తిరిగింది ఆ కారు. ఒకరోజు పెళ్లివాళ్లను దింపేసి రత్నం ఒక్కడే కాలవగట్టు మీద వస్తుంటే, బానెట్టు గాలికి లేచి అద్దానికి అడ్డంగా పడింది. కారు గట్టు దిగి కాలవలోకి పోయింది. బతికాడు. కాలు మాత్రం సరిగ్గా అతుక్కోలేదు.

బానెట్టు సరిగ్గా వెయ్యకుండా తోలాడని అన్నయ్య ఆసుపత్రిలోనే అందరి ముందూ తిట్టాడు. వేశానని రత్నం పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఎవరూ నమ్మలేదు. నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. అన్నయ్య స్నేహం తెగిపోయింది. ‘బానెట్టు రత్నం’ అని పేరు పడింది. ఆ పేరున్న డ్రైవరును పెళ్లికి ఎవరు పిలుస్తారు? ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. పిన్నుల సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నా పేరు బయటికి రాకూడదనా? లేక చదువుకున్న పిల్ల మాట తప్పు కాదని నమ్మాడా? రెండోదే అయితే నేనింకా ఘోరం చేసినట్టు.

అర్థం కాక చెప్పానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ‘సేఫ్టీ’ అర్థం కానిదెవరికి? రిజల్ట్ వచ్చిన రోజు, ఇంగ్లీషు వచ్చేసిందన్న ఉత్సాహంలో ఆ వీడియో వెతికి పెట్టాను. ప్రతి మాటా అర్థమైంది. కోసిన బానెట్టుతో పిన్నులు లేకుండా రోడ్డెక్కొద్దు, గాలికి లేస్తే ముందేమీ కనబడదు అంటున్నాడాయన. నా డిగ్రీ నాకు మొట్టమొదట చదివిపెట్టింది ఇదే.

నిన్న రత్నం అన్నయ్య నేను పాసైన సంగతి విని, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ప్రమాదం తరవాత రావడం అదే మొదలు. అన్నయ్య లేచి లోపలికి పోబోయాడు. అడ్డంగా నిలబడి చెప్పేశాను. ఏం విన్నానో, ఏం దాచానో, ఆసుపత్రిలో ఎందుకు మూగనైపోయానో. ఈసారి ఏమీ అల్లలేదు.

రత్నం అన్నయ్య తన కాలివైపు చూసుకున్నాడు. ఫర్వాలేదని అనలేదు. ఎందుకనాలి? పెట్టె అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. మా అన్నయ్య పిలుస్తూ వెనకాలే పరిగెత్తాడు. అతను ఆగలేదు.

అన్నయ్య ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. పొద్దున ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా టీ కొట్టు దగ్గరికి పోయి, అక్కడున్నవాళ్లందరి ముందూ చెప్పాను: ఆ రోజు రత్నం బానెట్టు వేసే తోలాడు, తప్పు నాది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. క్షమించమనడం లేదు. చెప్పినప్పుడల్లా కాస్త ఊపిరాడుతోంది, అంతే.