బాతులు తిన్న జన్యువు

ఆ రోజుల్లో నాకు తోడు, మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర పనిచేసే ఒక ఫ్రీజరు. మైపాడు దారిలోని మా ప్రయోగశాల నుంచి బస్సు ఆగే చోటికి రెండు కిలోమీటర్లు. పలకరించే మనిషి అంతకన్నా దూరం. (ఫ్రీజరు రాత్రింబవళ్లు మూలిగేది; అప్పుడప్పుడు నేను బదులిచ్చేవాణ్ణి.) రొయ్యలకు తెల్లమచ్చల తెగులు తెచ్చే వైరస్, మొప్పల కణాల మీది ఏ గ్రాహకాన్ని పట్టుకుని లోపలికి దూరుతుందో, ఆ గ్రాహకపు జన్యువును పట్టుకోవడం నా ఉద్యోగం. మొప్పల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, దానికి డీఎన్‌ఏ నకలు తయారుచేసి, ఆ ముక్కలను బ్యాక్టీరియాలో చేర్చి పెంచాలి. ముక్క చేరితే తెల్లని చుక్కలు మొలుస్తాయి, చేరకపోతే నీలివి. నా పళ్లేల్లో తొమ్మిది నెలలుగా నీలాకాశమే. జన్యువు దొరికితేనే ఉద్యోగం రెండో ఏడాదికి సాగుతుందని మా పెద్దసారు చెప్పేశారు.

అంతలో గుంట అన్న (మైపాడు దగ్గర రొయ్యల గుంట ఉన్నందున నేను పెట్టుకున్న పేరు) ఫోన్ చేశాడు. "అబ్బయా, గుంటంతా తెల్లమచ్చ కొట్టేసింది. పదకొండే బతికుండాయి."

వైరస్ దూరలేకపోయిన రొయ్యలు! వాటి గ్రాహకంలో ఏదో తేడా ఉండి తీరాలి. "అన్నా, అవి నాకే ఉంచు, వస్తా ఉండా" అని, ఐసు ఎంత వేయాలో, మూత ఎలా బిగించాలో అన్నీ చెప్పాను. ఎందుకన్నది మాత్రం చెప్పలేదు. రొయ్యను కూరకు కాక మరిదేనికైనా అడుగుతారని మైపాడులో ఎవరికీ తోచదన్న సంగతి నాకు తోచలేదు.

నేను వెళ్లేసరికి అన్న భార్య, వదిన, గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. ఐసు నిక్షేపంగా ఉంది. అందులో పదకొండు రొయ్యలు, తలలు తీసి, పెంకు ఒలిచి, ఉప్పూ పసుపూ పట్టించి ఉన్నాయి.

"వదినా, తలకాయలేవి?"

"ఏం జేసుకుంటావు వాటిని? ఒక్కడివే ఉండావు, ఒలుచుకోను తిప్పలు పడతావని నేనే చేసేసినా. తలకాయలు బాతులకేసినా."

రొయ్యకు మొప్పలుండేది తలపెంకు కిందనే. దొడ్లో బాతులు శాస్త్రాన్ని మింగి, తీరిగ్గా రెక్కలు దులుపుకుంటున్నాయి.

"వాటిలో నా ఉద్యోగం ఉండింది వదినా" అన్నాను.

అన్న పగలబడి నవ్వాడు. "ఏందబ్బయా, గుంట పోయినా మేం ఏడవలేదు, నువ్వు తలకాయలకి ఏడస్తావా?"

వదిన నవ్వలేదు. గిన్నె వెనక్కి లాక్కుని, "ఈ మొహం పెట్టుకోని పోయి ఏం వండుకుంటావు గానీ, కూర్చో" అని పొయ్యి వెలిగించింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఆ తొమ్మిది నెలల్లో నా కంచానికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు. తోక కండలోంచైనా ఆ జన్యువును తీయవచ్చునేమోనని సగం తిన్నాక తోచింది. (తోచినా, ఆపలేదు.)

ఇప్పుడు పెద్ద నగరంలో, జన్యువులను యంత్రమే చదివిపెట్టే ప్రయోగశాలలో ఉన్నాను. క్యాంటీన్‌లో ఒక్కణ్ణే తింటూ, అప్పటి నాలోని ఆ కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. ఉద్యోగం పోతోందని తెలిసి కూడా, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

మొత్తం మీద పోయినవి: అన్నకు ఒక పంట, నాకు ఒక ఉద్యోగం, శాస్త్రానికి ఒక జన్యువు. కూర ఏమీ మిగల్లేదు.