రోజూ అదే చోట సైకిల్ దిగిన మనిషి

మా ముత్తాతగారు గ్రామ మునసబు. తాతగారు కూడా ఆ పదవి చేసి, తర్వాత తాలూకా బోర్డులో కూర్చున్నారు. కృష్ణపట్నం వైపు కాలవ దాటి సముద్రం దాకా ఉన్న మా ఊరికి కలెక్టరు వస్తే బస మా ఇంట్లోనే. తాతగారి మాట లేకుండా ఆ ఊళ్ళో సెంటు భూమి చేతులు మారేది కాదు. గొప్పకు చెప్పడం లేదు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు దయ్యాల కబుర్లు నమ్మే రకం కాదని చెప్పడానికి చెబుతున్నాను. మా ఇంట్లో ఎవరూ తాయెత్తు కట్టుకోలేదు. పిల్లలకు దిష్టి తీసినా తాతగారికి గిట్టేది కాదట.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ స్థలంలో రొయ్యల గుంటలున్నాయి. నేను పోర్టు దగ్గర ఒక చిన్న కంపెనీలో గుమాస్తాను. అందుకు సిగ్గుపడను. ఎవరి ముందూ నడుము వంచకుండా నా పని నేను చేసుకుంటున్నాను.

డాక్టరు చెప్పబట్టి సైకిల్ కొన్నాను. టైర్ల షాపు కరీముల్లా నన్ను ఆ ఫోన్ ఆటలోకి లాగాడు. అది పరిగెత్తేవాళ్ళకీ సైకిల్ తొక్కేవాళ్ళకీ పెట్టిన ఆట. ఫోన్ జేబులో పెట్టుకుని ఒక చోట మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తే, మధ్యలో ఉన్న నేలంతా మ్యాప్ మీద మన రంగులోకి మారుతుంది. మన పేరు పడుతుంది. ఇంకొకరు అదే చుట్టు తిరిగితే వాళ్ళ రంగు, వాళ్ళ పేరు. నెలాఖరు రోజు ముగిసేసరికి ఎవరి పేరుంటే ఆ నెల మ్యాప్‌లో వాళ్ళ పేరే శాశ్వతంగా నిలుస్తుంది.

ఆటకు మా గుంపులో కొన్ని మర్యాదలున్నాయి. మోటారు బండి మీద నేల ఆక్రమించకూడదు. పెళ్ళి గానీ చావు గానీ జరిగిన ఇంటివాళ్ళ నేల ఆ వారం ముట్టుకోకూడదు. ఒకే చుట్టు మీద ఇద్దరు ఎదురుపడితే, ఆలస్యంగా బయలుదేరినవాడు బెల్లు కొట్టి వెనక్కి తిరగాలి. ఎవరి నేల తీసుకున్నామో వాళ్ళకు టీ తాగించాలి. ఈ చివరి మర్యాద కరీముల్లా పెట్టాడు. ఎక్కువ నేల పోగొట్టుకునేది అతనే.

నేను ఆ ఆటలో మా ఊరి చుట్టు ఒక్కటే తిరిగేవాణ్ణి. కాలవ వంతెన దగ్గర మొదలుపెట్టి, కట్ట మీదుగా, మా పాత ఇంటి ముందు దారిలో, సరుగుడు తోటల వెంట సముద్రం దాకా పోయి, తిరిగి వంతెన దగ్గరికి. సాయంత్రం పూట బయలుదేరితే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. ఒంట్లో శక్తి అయిపోయేసరికి గాలే ఇంటికి తోస్తుంది. నా ఎత్తుగడ అదే.

కావలిలో మా మేనత్త ఉంది. ఆ ఇంట్లో మా నాన్నగారి తరంవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. ఈ ఆట సంగతి ఫోన్లో చెబితే, మన నేల మీద మన పేరు పడితే ఒకసారి తెచ్చి చూపించమంది. నవ్వుతూనే అడిగింది గానీ ఆ మాట నాలో నాటుకుపోయింది. ఆ నెలాఖరుకు అక్కడ మా పేరు నిలబెట్టి తీరాలనుకున్నాను.

అప్పుడే ఒకడు తగిలాడు. నేను సాయంత్రం నేల తీసుకుంటే, తెల్లవారేసరికి అతను తీసేసుకునేవాడు. పేరు పెట్టుకోలేదు. ఆట తనంతట తాను ఇచ్చే బూడిద రంగే. ఊళ్ళో అడిగితే ఈ ఆట ఆడేవాళ్ళే లేరన్నారు. పోర్టు వాళ్ళను అడిగాను, ఎవరికీ తెలియదు. టీ తాగించడానికి కూడా ఎవరూ రాలేదు. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

అవతలివాళ్ళు పోయిన దారి కూడా ఆటలో కనిపిస్తుంది. జోరుగా తొక్కిన చోట గీత ఎర్రగా, నడిచిన చోట నీలంగా ఉంటుంది. షాపులో కూర్చుని కరీముల్లా ఆ గీతలు ఒక్కొక్కటే తీసి చూశాడు. చుట్టంతా ఎరుపే. మా పాత ఇంటి ముందు మాత్రం ప్రతి రోజూ నీలం.

"ఏందన్నా, ఈయనకి దినామూ ఆడికి పోయేసరికే చైన్ పడిపోతాదా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. మా ఇంటి ముందు సైకిల్ ఎక్కి పోయినవాడు లేడని మా నాన్నగారు చెబుతుండేవారు. ఎవరైనా సరే దిగి, తోసుకుంటూ నడిచి, ఇల్లు దాటాకే ఎక్కేవారట. ఇతను ఇంటి హద్దు రాకముందే దిగుతున్నాడు. దాటాక కూడా చాలా దూరం నడుస్తున్నాడు. మా నాన్నగారు చెప్పినదానికన్నా ఎక్కువ మర్యాద. ఇల్లు పోయినా ఇల్లున్నట్టే నడిచే మనిషి ఈ రోజుల్లో ఎవరా అనిపించింది. కోపం సగం చల్లారిందని ఒప్పుకోవాలి. కరీముల్లాకు చెప్పాను.

"అయితే మీ తాతగారికి దండం పెట్టి, మీ నేల ఎత్తుకుపోతా ఉండాడు. మర్యాద గల దొంగ," అన్నాడు.

నెలాఖరు రోజు తెల్లవారకముందే ఇద్దరం వెళ్ళాం. ఎదురుపడితే మాదే పైచేయి, ఎందుకంటే మేమే ముందు బయలుదేరినట్టు లెక్క. ఊళ్ళోకి దారి ఆ వంతెన ఒక్కటే. కరీముల్లా దాని మీద నిలబడ్డాడు. నేను మా ఇల్లుండిన చోట దారి పక్కన నిలబడ్డాను.

ఆ వేళ కరెంటు పోయింది. రోజంతా గుంటల్లో నీళ్ళు చిమ్మే చక్రాలు ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం అక్కడ నేనెప్పుడూ వినలేదు. తూర్పు తెల్లబడింది. గట్టు మీద కొంగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినంత వెలుతురు వచ్చింది.

అప్పుడు ఎడమ వైపు నుంచి టిక్ టిక్‌మని చప్పుడు మొదలైంది. సైకిల్ తొక్కేవాళ్ళకు ఆ చప్పుడు తెలుస్తుంది. తొక్కుతున్నప్పుడు రాదు. దిగి తోసుకుంటూ నడిస్తే వెనక చక్రంలోంచి వస్తుంది. ఆ చప్పుడు నా వైపుకే వచ్చింది. దారి మీద ఎవరూ లేరు. సరిగ్గా నా ఎదురుగా వచ్చి ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలై కుడి వైపుకు సాగిపోయింది. చాలా దూరం పోయాక టక్కున ఆగింది. ఎక్కి తొక్కడం మొదలుపెడితే ఎలా ఆగుతుందో అలా.

నాకు భయం వేయలేదు. ఎందుకో నిటారుగా నిలబడి, నా ముందు ఆగినప్పుడు తల కొంచెం ఊపాను. మా తాతగారు అలాగే ఊపేవారని విన్నాను.

కొంతసేపటికి జేబులో ఫోన్ అదిరింది. నేల పోయింది. వంతెన మీద కరీముల్లాను దాటి పిల్లి కూడా పోలేదు. గీత తీసి చూస్తే అదే నీలం, నేను నిలబడిన చోట ఆగిన గుర్తుతో సహా. ఫోన్ తిక్క అన్నాడు కరీముల్లా. గీతలు ఫోన్ తిక్క కావచ్చు. చప్పుడు ఫోన్‌లోంచి రాలేదు.

ఆ సాయంత్రం ఎదురుగాలిలో ఒళ్ళు దాచుకోకుండా తొక్కాను. వెనక కరీముల్లా నన్ను హుషారు చేయడానికి బెల్లు కొడుతూ వచ్చాడు. చుట్టు పూర్తయింది. చీకటి పడ్డాక ఎవరూ రాలేదు. నెల ముగిసింది. మా ఊరి మీద మా పేరు నిలిచింది.

మర్నాడే కావలి వెళ్ళాను. అత్త కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్ ముఖం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. మా రంగును వేలితో నిమిరితే మ్యాప్ జరిగిపోయింది. నా నేలను నువ్వే జరిపేస్తున్నావని నవ్వించాను. తర్వాత ఆ బూడిద రంగువాడి గీత చూపించి, నీలం ముక్క పెద్దది చేసి, మన ఇంటి ముందు ఇప్పటికీ ఒకడు మర్యాదగా దిగి నడుస్తున్నాడని చెప్పాను. అతను నా ముందు ఆగిన సంగతి కూడా చెప్పాను.

అత్త దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"మర్యాదా? ఆడ ఇసక రా అబ్బయా. మోకాటి దాకా మేట ఉండె. కలెక్టరైనా దిగి తోసుకోవాల్సిందే. మీ తాత అరుగు మీద కూర్చోని, అందరూ తనకోసమే దిగతా ఉండారని మీసం దువ్వుకునేవాడు. మేం తలుపు చాటున నవ్వుకునేవాళ్ళం."

ఆ మేట ఎంత దూరం ఉండేదని అడిగాను. ఆమె వేలు పెట్టి చూపించింది. ఇంటి హద్దుకు ముందు నుంచి, దాటాక చాలా దూరం దాకా. నీలం గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సరిగ్గా అంతే. మధ్యలో మా అరుగు ముందు పందిరి నీడలో అందరూ ఆగి ఊపిరి పీల్చుకునేవారట.

అందరూ ఇసక కోసమే దిగారంటే నేను ఒప్పుకోను. కొందరైనా మర్యాదకే దిగి ఉంటారు. కానీ ఇతను ఎవరో, ఎందుకు దిగుతున్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. తర్వాతి నెలల్లోనూ వచ్చాడు. తెల్లవారుజాము అతనిది, సాయంత్రం నాది. నెలాఖరు సాయంత్రం ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అతను మా అందరి కన్నా మంచి ఆటగాడని కరీముల్లా మెచ్చుకున్నాడు.

ఇప్పుడా దారి గట్టి గ్రావెల్ రోడ్డు. రొయ్యల మేత లారీలు పోతుంటాయి. సైకిల్ దిగాల్సిన పనే లేదు. ఆ ఇసక మేటను నేను పుట్టకముందే మా నాన్నగారు ఒక కాంట్రాక్టరుకు లారీల లెక్కన అమ్మేశారు.