షుగరు మనిషికి చక్కెర నీళ్లు

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. ప్రొద్దుటూరులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిన కొత్త. జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో ఎన్నికల మాట వినబడితే చాలు, పొద్దుగూకక ముందే తలుపులు పడేవి. అలాంటి రోజుల్లో ఒక డాక్టరుగారు నన్ను ఓబులప్ప అనే పెద్దాయన ఇంటికి వెళ్లమన్నారు.

జమ్మలమడుగు అవతల ఒక ఊళ్లో ఒక వర్గానికి ఆయనే పెద్ద. అరవై దాటాయి, పాత షుగరు. ఎదుటి వర్గం భయంతో ఏళ్ల తరబడి గడప దాటలేదు. కూర్చుని కూర్చుని తొడల్లో కండ కరిగిపోయింది. ఇద్దరు పట్టుకుంటే తప్ప కుర్చీలోంచి లేవలేడు.

మొదటి రోజు ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "బయట బాంబు పడితే నా అంతట నేనే లేచి లోపలికి పోవల్ల. అంతమాత్రం చేయగలవామ్మా?"

ప్రయత్నిద్దాం అన్నాను. రెసిస్టెన్స్ ఎక్సర్‌సైజ్ అంటే కండరం చేత బరువుకు ఎదురుగా పని చేయించడం. చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టి కాలు చాపించేదాన్ని. కండ పనిచేస్తే రక్తంలో చక్కెరను ఖర్చు పెడుతుంది. షుగరుకు అది మంచిదే. కానీ మాత్ర వేసుకుని తినకుండా చేస్తే చక్కెర మరీ పడిపోతుంది. దాన్ని హైపో అంటాం, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రోజూ ముందు తిన్నారా అని అడిగేదాన్ని.

వాళ్ల జీపులోనే వెళ్లి వచ్చేదాన్ని. ఎదుటి వర్గం కాపు కాసే చోటని, కల్వర్టు కనబడినప్పుడల్లా డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి సీటు కింద దాచిన ఆయుధం మీదికి చెయ్యి పోనిచ్చేవాడు. నేను కళ్లు మూసుకునేదాన్ని.

పోలింగు దగ్గర పడ్డాక ఒక రోజు వెళ్లేసరికి ఇంటి నిండా మనుషులున్నారు. పులివెందుల వెళ్లిన ఓబులప్ప తమ్ముడి కొడుకు తిరిగి రాలేదట. ఈరోజు వ్యాయామం వద్దని నేనంటే ఆయన వినలేదు. తిన్నానన్నాడు.

కాసేపటికి కాలు మధ్యలోనే ఆగిపోయింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. వెంటనే చక్కెర నీళ్లు తెమ్మని అరిచాను.

ఆయన కొడుకు చంద్ర తలుపు గడియ వేశాడు. "షుగరు మనిషికి చక్కెర పోస్తారా? ఎవురు పంపినారు నిన్ను?"

గది నిండా మనుషులు, అందరి చూపూ నా మీదే. తినకపోతే చక్కెర పడిపోతుందని, ఆలస్యమైతే స్పృహ తప్పుతుందని చెబుతూనే ఉన్నాను. ఒక్కరూ కదల్లేదు.

అంతలో ఓబులప్ప భార్య లక్షుమ్మ వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది. "మాత్ర ఏసుకున్నాడు గానీ పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదురా మీ నాయన. పెట్టిన సంగటి పెట్టినట్టే ఉండాది. పక్కకు జరుగు," అంది.

కొడుకు జరిగాడు. మింగగలడో లేదో ఒక గుక్క తాగించి చూశాను. మింగాడు. కొద్దికొద్దిగా గ్లాసంతా పట్టాను. ఆ కాసేపు నా జీవితంలో చాలా పొడుగు. వణుకు తగ్గింది. కళ్లు తెరిచి, "పిల్లోడు వచ్చినాడా?" అన్నాడు. తర్వాత గడియ వైపు చూసి కొడుకును తీయమన్నాడు.

బస్సులు ఆపేస్తే ఆ అబ్బాయి బంధువుల ఇంట్లో ఆగిపోయాడని సాయంత్రానికి తెలిసింది.

మళ్లీ వెళ్లకూడదనుకున్నాను. కానీ లక్షుమ్మ మనిషిని పంపింది, తానే దగ్గర కూర్చుని తినిపిస్తానని. వెళ్లాను. కొన్ని నెలలకు ఓబులప్ప చేతులు ఆనించకుండా లేచి నిలబడ్డాడు. పట్టుకోబోయిన మనుషులను వద్దని, నడిచి నేరుగా వంటింట్లోకి పోయాడు. పెళ్లాం పక్కన పీట మీద కూర్చుని అన్నం పెట్టమన్నాడు.

ఆయన నాకు అబద్ధం చెప్పింది మోసం చేయడానికి కాదు. తమ్ముడి బిడ్డ కోసం భయపడుతున్నానని అంతమంది మగవాళ్ల ముందు ఒప్పుకోలేక. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా, రోగి కంటే ముందు అన్నం పెట్టే మనిషితో మాట్లాడతాను.