తమ్ముడి నుదుటి మీద మార్కర్ గీత

మా తమ్ముడు చర్చికి రావడం మానేసి ఏడు నెలలయ్యాక గాని దానికి కారణం జుట్టని మాకు తెలియలేదు.

మాది హౌరా పక్కన లిలువా. నాన్న రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత రెండేళ్లకే పోయారు. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను కోల్‌కతాలో ఒక ఆసుపత్రిలో నర్సుని. తమ్ముడు నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు, ఖిదిర్‌పూర్‌లో ఓడల సరుకు చూసే ఒక ఆఫీసులో గుమాస్తా. ఆదివారం తెలుగు ఆరాధనలో క్వయర్‌లో పాడేవాడు. తెలుగు చదవడం వాడికి సరిగా రాదు. పాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాసుకొని పాడేవాడు. అయినా వాడి గొంతు లేకపోతే క్వయర్ బోసిపోయేది.

మొదట టోపీ వచ్చింది. నల్లటి క్రికెట్ టోపీ. బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకునేవాడు, తర్వాత ఇంట్లో కూడా. మా చర్చిలో మగవాళ్లు తల మీద టోపీతో కూర్చోరు. అందుకని వీడు రావడమే మానేశాడు. వీడికి విశ్వాసం పోయిందని అమ్మ కుమిలిపోయింది. ఉపవాసం ఉంది. పాస్టరు అయ్యగారిని ఇంటికి పిలిచింది. ఆయన గంటసేపు తప్పిపోయిన గొర్రె గురించి చెబుతుంటే వాడు టోపీ కిందికి లాక్కొని వింటూ కూర్చున్నాడు.

ఒక ఆదివారం వాడి దిండు గలేబు ఉతకడానికి తీశాను. దాని నిండా వెంట్రుకలు. మంచం కింద చూస్తే సీసాలు: ఉల్లిరసం నూనె, ఎవరో హకీం ఇచ్చిన పచ్చటి తైలం, సగం వాడి వదిలేసిన మినాక్సిడిల్ లోషను. వాణ్ని కూర్చోబెట్టి అడిగాను.

"జుట్టు రాల్తందని దేవుణ్ని మానేస్తావేట్రా?"

"దేవుడి ముందు పర్లేదప్పా. మిగతా అందరి ముందూ నిలబడాల కదా." మా ఇళ్లలో అక్కని అప్ప అంటారు.

"ఎవులేటన్నారు నిన్ను?"

వాడు నా ముఖం చూడకుండా చెప్పాడు. "నువ్వే. కిందటి క్రిస్మస్‌కి. ఫొటో తీస్తంటే, లైట్లెందుకు, వీణ్ని ముందు వరసలో నిలబెడితే సాలు అన్నావు. అందరూ నవ్వీసారు. అయ్యగారు కూడా."

నాకది గుర్తే లేదు. అన్నాననడంలో అనుమానం కూడా లేదు. ఆ మాట నా నోటి తీరే. గలేబు పట్టుకొని నీళ్ల గదిలోకి వెళ్లిపోయాను.

ఆ వారంలోనే మా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో పెద్ద డాక్టరమ్మకి చూపించాను. అరవై దాటిన బెంగాలీ ఆవిడ. భూతద్దం పెట్టి తలంతా చూసి, రక్తపరీక్షలు రాసి, నింపాదిగా విడమర్చి చెప్పింది. ఇది వంశంలో ఉన్న బట్టతల. మాత్ర ఉంది, లోషను ఉంది. లోషను మొదలుపెట్టిన కొత్తలో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది, అక్కడే చాలామంది భయపడి మానేస్తారు. వీడూ అదే చేశాడు. మాత్ర వల్ల కొంతమందికి ఇబ్బందులు వస్తాయి, వస్తే దాచకుండా చెప్పాలి. ఏడాది వాడాక అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచించవచ్చు.

"ఆపరేషన్ కొత్త జుట్టు పుట్టించదు బాబూ, వెనకది తీసి ముందు నాటుతుంది" అంది ఆవిడ. "మందు లేకపోతే నాటినది ఉంటుంది, చుట్టూ ఉన్నది పోతుంది. తొందరపడకు."

బయటికి రాగానే వాడు, "ఏడాది అంట" అన్నాడు. టోపీ మళ్లీ నుదుటి మీదికి లాక్కున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక శనివారం పొద్దున, నేను టిఫిన్ తింటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వెనకవైపు జుట్టంతా నున్నగా గీయించుకొని ఉన్నాడు.

"ఈ రోజే సేయించుకుంటున్నాను. ఇంటోళ్లు ఒకలు సంతకం పెట్టాలంట. అమ్మకి సెప్పకు."

దక్షిణ కోల్‌కతాలో ఒక క్లినిక్. ఫోనులో ప్రకటన చూసి వెళ్లాడట. ఒక్కరోజులో అయిపోతుందన్నారట. నేను వద్దనాలి. నా చదువు, నా ఉద్యోగం, అన్నీ వద్దనమనే చెబుతున్నాయి. కాని వాడు తనంతట తానే టోపీ తీసి నా ముందు కూర్చోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. వద్దనే అర్హత నాకు లేదనిపించింది. లేచి చెయ్యి కడుక్కున్నాను.

క్లినిక్ ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది. ముందు గదంతా అద్దాలు, తెల్ల సోఫాలు. డాక్టరు వచ్చి, కొత్త జుట్టు ఎక్కడిదాకా వస్తుందో వాడి నుదుటి మీద మార్కర్‌తో గీత గీశాడు. వంకర లేని చక్కటి గీత. తమ్ముడు అద్దంలో దాన్నే చూసుకుంటూ ఉండిపోయాడు. అంత తేటగా వాడి ముఖం చూసి చాలాకాలమైంది. అయిదు నిమిషాలకు మించి ఆ డాక్టరు అక్కడ లేడు.

సంతకం పెట్టే ముందు ఆపరేషన్ గది చూపించమన్నాను. రిసెప్షన్ అమ్మాయి ఇష్టం లేకుండానే తలుపు తీసింది. బల్ల, లైటు, మూల ఒక ఆక్సిజన్ సిలిండరు.

"దీని తాళం ఏది?" అన్నాను. సిలిండరు తిప్పే ఇనప తాళం దానికే వేలాడుతూ ఉండాలి.

"ఉంటుంది దీదీ. ఇంతవరకు అవసరం పడలేదు."

"డాక్టరుగారు లోపలే ఉంటారా?"

"సార్ చూసుకుంటారు. మా టెక్నీషియన్లకి మంచి అనుభవం."

అది జవాబు కాదని నాకు తెలుసు. అక్కడే వాడి చెయ్యి పట్టుకొని కిందికి దిగి ఉండాల్సింది. వాడు పచ్చగౌను వేసుకొని, ఆలస్యమైపోతుందేమోనన్నట్టు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సంతకం పెట్టేశాను. ఈ రోజుకీ నన్ను కుదిపే సంతకం అది.

వాణ్ని బోర్లా పడుకోబెట్టి తలుపు వేశారు. నేను తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. వెనకవైపు మత్తు సూదులు వేసేటప్పుడు వాడు మూలిగాడు. తర్వాత చిన్న మర కిరకిరలాడే శబ్దం. ఒక్కొక్క వేరూ ఊడదీస్తున్నారు. గంట గడిచింది. ఒకమ్మాయి బయటికి వచ్చి, మందులు పెట్టే చిన్న ఫ్రిజ్ తీసి, మత్తుమందు సీసా తీసుకొని లోపలికి వెళ్లింది. అరగంటకి మళ్లీ వచ్చింది. మరో సీసా.

"నొప్పంటున్నాడా?" అని అడిగాను.

"కొంచెం. మళ్లీ వేస్తున్నాం."

ఆ మందు మనిషి బరువును బట్టి ఇంతకు మించకూడదని లెక్క ఉంటుంది. తమ్ముడు యాభై ఎనిమిది కిలోలు. మొదటి సీసాలెన్నో నేను చూడలేదు. చూసినవి రెండు. మనసులో లెక్క కట్టడం మొదలుపెట్టాను. ప్రతిసారీ ఎక్కువే వస్తోంది. సీసా మొత్తం వాడరేమో, నీళ్లు కలుపుతారేమో అని సర్దిచెప్పుకున్నాను. లోపల మర ఆగింది. తమ్ముడి గొంతు ఏదో అంటోంది, మాట ముద్దగా ఉంది. టెక్నీషియన్ నవ్వుతూ సమాధానం చెప్పాడు.

తలుపు తోసుకొని వెళ్లాను. ఎవరో "దీదీ, లోపలికి రాకూడదు" అన్నారు. నేను వంగి, ముఖం ఆనించడానికి బల్లకి ఉన్న కన్నంలోంచి వాడి ముఖం చూశాను.

"ఏటయిందిరా?"

"నాలిక మొద్దుబారిపోనాదప్పా. నోట్లో ఇనుము నాకినట్టుంది. సెవులు గుయ్యిమంటున్నాయి."

మత్తుమందు మోతాదు మించితే వస్తాయని పుస్తకంలో ఉన్న వరుస అది. నోటి చుట్టూ తిమ్మిరి, లోహపు రుచి, చెవుల్లో మోత. ఆ తర్వాత వచ్చేది మూర్ఛ.

"ఓ కిచ్ఛు నా దీదీ" అన్నాడు టెక్నీషియన్. అదేం కాదట. "భయపడ్డాడు, అంతే. మంచినీళ్లిద్దాం."

"సూది కింద పెట్టు. వాణ్ని వెల్లకిలా తిప్పు. ఆక్సిజన్ పెట్టు."

"సార్‌ని అడగాలి."

"సార్ ఎక్కడ?"

అతను, ఇందాక సీసాలు తీసుకెళ్లిన అమ్మాయి కేసి చూశాడు. గీత గీసిన డాక్టరు మరో కేసుకి ఊరికి ఆ కొసనున్న సాల్ట్‌లేక్ వెళ్లిపోయాడని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

నేనే వాణ్ని తిప్పాను. పై పెదవి ఒక పక్క అదురుతోంది. రెప్పలు కూడా. వాడు టెక్నీషియన్ కేసి చూస్తూ తెలుగులో, "దాదా, నాను ఎల్తాను, నాన్న పిలుస్తున్నాడు" అన్నాడు. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. చేతులకి అలవాటుంది, అవి ఆగలేదు. సిలిండరు తాళం సొరుగుల్లో లేదు. చివరికి ఆ అమ్మాయే ఫ్రిజ్ వెనక నుంచి తెచ్చింది. మాస్కు పెట్టి, గట్టిగా ఊపిరి తియ్యమని చెవి దగ్గర చెబుతూనే ఉన్నాను. చేతికి సెలైన్ సూది నేనే పెట్టాను. అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ వాడి పెదవి కేసి చూస్తూ, ఆ అదురు ఒళ్లంతా పాకకూడదని ప్రార్థించాను. మాటలు లేవు ఆ ప్రార్థనలో. వద్దు, వద్దు అన్న ఒక్కమాటే.

పాకలేదు. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఒక యువ డాక్టరు సంగతి వినగానే అర్థం చేసుకున్నాడు. ఈ విషానికి విరుగుడుగా ఎక్కించే, పాలలా తెల్లగా ఉండే మందు తెప్పించి మంచం పక్కనే పెట్టుకున్నాడు. గుండె కొట్టుకునే తీరు తెరమీద చూస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి పెదవి కుదుటపడింది. ఆ తెల్లమందు అవసరం పడలేదు. కళ్లు తెరిచి తమ్ముడు అడిగిన మొదటి మాట:

"తీసినవి ఏటి సేసారు?"

అవి నేను చూశాను. చల్లటి నీళ్ల గాజుపళ్లెంలో, చిన్న చిన్న కుప్పలుగా, వాడి వెంట్రుకలు వేళ్లతో సహా. "పారేసుంటార్రా" అన్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మకి చెప్పక తప్పలేదు. వాడి తల వెనక గసగసాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు చూసి ఆవిడ ఏడవలేదు. నా కేసి తిరిగి, "సదువుకున్నదానివి, నీకేటయిందే" అంది. అంతే.

నాలుగో రోజున ఆ డాక్టరు ఫోను చేశాడు. జరిగినదానికి చింతిస్తున్నానని, మిగతా పని మరో రోజు ఉచితంగా పూర్తి చేస్తానని చెప్పాడు. తమ్ముడు ఫోను చేత్తో మూసి నన్ను చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది.

"ఈసారి ఆయనే ఉంటాడంట" అన్నాడు.

"నీకు పిచ్చేటిరా?"

"ఎనక సగం ఊడదీసీసారు, ముందు ఏటీ లేదు. నానెలా తిరగాల?"

ఆ రోజు ఒకరినొకరం చాలా మాటలు అనుకున్నాం. నాకు గర్వమని, నా మాటే నెగ్గాలంటానని వాడన్నాడు. నీ శవాన్ని మోయడానికి నేను సంతకం పెట్టనని నేనన్నాను. తర్వాత, క్రిస్మస్‌నాటి మాటకి క్షమించమని అడిగాను. "నువ్వనకపోతే ఇంకొకలు అందురులే" అని వాడు లేచిపోయాడు. అది క్షమించడమో కాదో నేటికీ నాకు తెలియదు. కాని ఫోను చేసి రానని మాత్రం చెప్పాడు.

మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాను. అందిందని కాగితం వచ్చింది. విచారణకి ఇంకా పిలవలేదు. ఆ క్లినిక్ తెరిచే ఉంది. అటు వెళ్లే బస్సు ఎక్కితే తల తిప్పుకుంటాను.

తమ్ముడు మళ్లీ పెద్ద డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాడు. ఆవిడ తిట్టలేదు. తల వెనక మచ్చలు తడిమి చూసి, పద్నాలుగు నెలలు మందులు వాడించింది. మొదట్లో జుట్టు ఊడినప్పుడు వాడు ఈసారి సీసా మంచం కింద దాచలేదు, గూట్లో నాన్న ఫొటో పక్కనే పెట్టాడు. రాలడం తగ్గింది. నడినెత్తి కాస్త నిండింది. ముందు మాత్రం రాలేదు. అప్పుడావిడే, మత్తు డాక్టరు దగ్గరుండే ఒక ఆసుపత్రిలో చిన్నగా నాటించుకోవచ్చని చెప్పింది. చేయించుకుంటానన్నాడు వాడు. చేయించుకోకపోతేనే బాగుండునని నాకుంది. అనలేదు.

ఆ రోజు నాకు డ్యూటీ మార్చడం కుదరలేదు. సంతకం పెట్టడానికి అమ్మే వెళ్లింది. పొద్దున్నుంచీ వార్డులో ఏ పని చేస్తున్నా చెవి జేబులోని ఫోను మీదే. ఒక పేషెంటుకి బీపీ రెండుసార్లు చూసి రెండుసార్లూ మర్చిపోయాను. మధ్యాహ్నం మూడున్నరకి ఫోను మోగింది. అమ్మ నంబరు. మెట్ల దగ్గరికి పరుగెత్తి ఎత్తాను.

"అయిపోనాది" అంది అమ్మ. "కూకున్నాడు. ఆకలేస్తందంట. కింద హోటల్లో ఇడ్లీ దొరుకుతాదేటో, ఇక్కడే ఉన్న మత్తు డాక్టరు పిల్లని నువ్వడుగు. అంతా ఇంగ్లీసే మాటాడతంది, నాకా బాస రాదు."

ఆ పిల్లకి ఫోనివ్వమన్నాను.