మోచేతి కొలత

ఇల్లు బాగుచేయించుకుందామని పిలిస్తే మామూలుగా మేస్త్రీలు ఏం చేస్తారు? వచ్చీరాగానే గోడ తట్టి, పెదవి విరిచి, "లాభం లేదండీ, మొత్తం పీకెయ్యాలి" అంటారు. ఈయన మాత్రం ఆ రకం కాదు. ఇల్లంతా ఒకసారి కలియదిరిగి, "ముందు ఏదీ పగలగొట్టకండమ్మా. పగలగొట్టడానికీ కూలివ్వాలి, ఆ చెత్త ఎత్తిపోయడానికీ కూలివ్వాలి" అంటాడు. పాత టైల్సు గట్టిగా ఉంటే వాటి మీదే కొత్తవి అంటిస్తాడు. తలుపు అడుగున చెక్క పుచ్చిపోతే, ఆ జానెడూ కోయించి వేరే చెక్క అతికించమంటాడు తప్ప తలుపు మార్చనివ్వడు. పని అయ్యాక మిగిలిన టైలు ముక్కల్ని ఇంటివాళ్లనడిగి సంచిలో వేసుకుంటాడు. అందుకే ఆయనకు ముక్కల మేస్త్రి అని పేరు పడిపోయింది. కాంట్రాక్టరు ఒకాయనైతే దండం పెట్టేశాడు. "అయ్యా, నువ్వు బాగుచేసేది వాళ్ల కొంప, ముంచేది నా కొంప. నాతో రాకు."

ఒక్క వంటింటి విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినడు. ఇంటావిడను పిలిచి గోడ పక్కన నిలబెడతాడు. "పిండి కలుపుతున్నట్టు చేతులు పెట్టండమ్మా" అంటాడు. మోచెయ్యి మడత పడిన చోట గోడ మీద పెన్సిలు గీత గీస్తాడు. ఆ గీతకు బెత్తెడు కిందుగా పొయ్యి పెట్టుకునే గట్టు రావాలి. అంతే. "అందరూ కట్టే ఎత్తే కట్టవయ్యా, నీ చాదస్తం!" అని ఇంటాయన విసుక్కున్నా వినడు. "వండేది మీరా, ఆవిడా?" అని అడుగుతాడు.

మరి అలాంటి మనిషి ఇంట్లో ఆయన భార్య ముప్పై ఏళ్లుగా చెక్కపీట ఎక్కి వంట చేస్తోందంటే ఏమనాలి? నోరు నొక్కుకోవాలి, అంతే.

ఆ గట్టు పెళ్లికి ముందు కట్టింది. అప్పుడు ఆ ఇంట్లో వండేది మేస్త్రి తల్లి. ఆవిడ నిలువెత్తు మనిషి, గుమ్మంలోంచి వచ్చేటప్పుడు తల వంచేది. ఆవిడ మోచేతికి కొలిచే కట్టాడు. కొత్త కోడలు వచ్చాక చూస్తే అత్తగారి భుజం దాకా కూడా రాలేదు. పాపం ఆ తల్లే ఎక్కడినుంచో పీట తెచ్చి వేసింది. "కాస్త సర్దుకోమ్మా, వీడికి తీరిక దొరకగానే గట్టు దింపిస్తాను" అంది. మేస్త్రికి తీరిక దొరకడమా! ఆ తల్లి పోయింది, కూతురు పుట్టి పెద్దదై వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరింది. పీట మాత్రం అక్కడే ఉండిపోయింది. భార్య ఇప్పటికీ ఆ గట్టును "అత్తయ్యగారి గట్టు" అనే అంటుంది.

ఒకరోజు పొద్దున్నే అన్నం గిన్నె దింపుతుండగా పీట పక్కకు ఒరిగింది. గిన్నె అటు పడింది, ఆవిడ ఇటు పడింది. ఒంటి మీద వేడి గంజి పడలేదు, అదృష్టం. కుడి మణికట్టు మాత్రం విరిగింది. ఆరు వారాల కట్టు వేశారు.

కూతురు పరుగెత్తుకొచ్చింది. నాయనమ్మ పోలిక, నాయనమ్మ పొడవు. ఆ కోపం కూడా నాయనమ్మదే.

"నాన్నా, ఊళ్లో ఆడవాళ్లందరి మోచేతులూ కొలిచావు. అమ్మకు మోచెయ్యి లేదా?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

"కట్టు విప్పే రోజుకు వస్తాను. ఈలోగా ఆ గట్టు కొట్టేసి కొత్తది కట్టు. లేదంటే అమ్మను నాతో తీసుకెళ్లిపోతాను. ఆ పీట మళ్లీ ఎక్కనివ్వను" అని తేల్చి చెప్పి వెళ్లింది.

కూతుర్ని బస్సెక్కించి మేస్త్రి తిరిగొచ్చాక భార్య మెల్లిగా అంది. "దాని మీద ప్రేమ లేక కాదు. నా ఇల్లు వదిలి నేనెక్కడా ఉండలేను. నన్ను పంపెయ్యకండి."

మేస్త్రి సుత్తి, ఉలి పట్టుకుని గట్టు ముందు కూర్చున్నాడు. పైన పరిచిన బండ ఒకే పలక. కదిపితే ముక్కలవుతుందని చూడగానే తెలుస్తోంది. దాని వెనకే గోడలో నీళ్ల పైపులు. అవీ మార్చాలి. కొత్త బండ, కొత్త పైపులు, కొత్త తొట్టి. చేతిలో ఉన్నదంతా ఆసుపత్రికి పోయింది. ఊరందరికీ పగలగొట్టకండని చెప్పిన మనిషి, తన ఇంట్లో సుత్తి ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. చివరికి పక్కన పెట్టేసి భార్యను పిలిచాడు.

"ఇలా రా. ఈ గోడ పక్కన నిలబడు."

"ఎందుకండీ?"

"పిండి కలుపుతున్నట్టు చెయ్యి పెట్టు."

ఆవిడకు అర్థమైంది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. బాగున్న ఎడమ చెయ్యి ముందుకు చాపి మోచెయ్యి మడిచింది. మేస్త్రి పెన్సిలు పెట్టబోయి ఆగిపోయాడు. ముంజేతి మీద, లోపలి వైపు, సన్నటి కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. పీట ఎక్కే తీరిక లేనప్పుడు కింద నుంచే చెయ్యి చాపితే గిన్నె అంచులు తగిలి తగిలి పడ్డవి.

"ఇవెప్పటివే?"

"ఏది ఎప్పటిదో నాకేం గుర్తు?"

"ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"మీరు పొద్దస్తమానం ఎవరి ఇంట్లోనో నేల మీద గొంతుక్కూర్చుని, నడుం పట్టుకుని ఇంటికొచ్చేవారు. వచ్చాక మళ్లీ తాపీ పట్టమనడానికి నాకు నోరు రాలేదు. అయినా ఇంతమంది వైపు చూస్తున్నారు కదా, నావైపు ఎప్పుడు చూస్తారో చూద్దామనీ అనుకున్నాను లెండి."

మేస్త్రి ఆవిడ మోచేతి దగ్గర గీత గీశాడు. గట్టు ఉండాల్సినదానికన్నా ఎంత ఎక్కువుందో టేపు పెట్టి చూస్తే ఆరంగుళాలు. ఎందుకో అనుమానం వచ్చి పీటనూ కొలిచాడు. అదీ సరిగ్గా ఆరంగుళాలే. తన తల్లి ఏ టేపూ లేకుండా కోడలి కొలత చూసింది. తనకే కళ్లు కనపడలేదు.

అప్పుడు తట్టింది. గట్టు దిగకపోతేనేం, నేలే లేస్తుంది!

గట్టు కింద భాగం అలాగే వదిలేసి, నిలబడే చోటంతా ఇటుక ముక్కలూ రాళ్లూ నింపి కూరాడు. పైన కాంక్రీటు పోశాడు. కొన్నది సిమెంటూ ఇసుకా మాత్రమే. ఆరిన తర్వాత పెరట్లోంచి ముక్కల సంచులు తెచ్చాడు. భార్య కుర్చీలో కూర్చుని పెత్తనం మొదలుపెట్టింది. "ఆ నీలం ముక్క అక్కడ వద్దు, కిటికీ వైపు పెట్టండి. ఇదెవరిదీ, టీచరమ్మగారింటిదా? దాన్ని పొయ్యి ముందు పెట్టండి, ఆవిడ మంచావిడ." రెండు గంటల పని రెండు రోజులు పట్టింది. మేస్త్రి ఒక్కసారీ విసుక్కోలేదు. రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఒక్కో ముక్కా సర్దాడు. లేచిన నేలకు తగలకుండా తలుపు అడుగు కోయించాడు. గుమ్మం దగ్గర మెట్టు పెట్టకుండా గరుకు టైల్సుతో ఏటవాలుగా దించాడు. "పీట మీంచి పడ్డదాన్ని మెట్టు మీంచి పడేస్తానా?" అన్నాడు.

కట్టు విప్పిన రోజు కూతురు పెద్ద ఖాళీ సంచితో దిగింది, అమ్మ బట్టలు సర్దడానికి. నేరుగా వంటింట్లోకి వచ్చింది. తల్లి గట్టు ముందు నిలబడి, బిగుసుకుపోయిన చేత్తో మెల్లగా బీన్సు తరుగుతోంది. పీట లేదు.

"గట్టు దించేశావా నాన్నా?"

"దాన్ని ముట్టుకోలేదమ్మా."

అప్పుడు కిందికి చూసింది. రంగురంగుల నేల ఆరంగుళాలు లేచి ఉంది. సంచి మూలన పడేసి, "జరగమ్మా, నేను తరుగుతా" అని కత్తి అందుకుంది. నాలుగు కాయలు కోసేసరికి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అబ్బా, ఇంత వంగాలా? ఎవరికోసం కట్టావు నాన్నా ఇది?"

మేస్త్రి నోరు తెరిచాడు. భార్య చెప్పనివ్వలేదు.

"నాకోసం" అంది. వరండాలోంచి ఆ పాత పీట తెచ్చి కూతురి ముందు వేసింది. "నువ్వు దీనిమీద కూర్చుని తరుగు. ఇది నా గట్టు."